పాత కారుకు టైరు కొనేటప్పుడు చూడవలసిన అంకెలు

మన సంఘాల సభ్యులలో కొందరి ఇళ్లలో పాత అంబాసిడర్ కార్లు ఇంకా వాడకంలో ఉన్నాయి. ఉత్తరపారాలో ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. సరిపడే టైర్లు అన్ని షాపుల్లో దొరకడం లేదు. రిమ్ముకు పడితే చాలునని ఏదో ఒకటి వేయించుకుంటున్నారు. ఇంటిల్లిపాదీ, పాల క్యాన్లు, మిర్చి టిక్కీలు ఎక్కేది ఆ బండిలోనే గనుక ఈ విషయం వివరంగా తెలుసుకోవడం అవసరం.

పాత నైలాన్ టైరు మీద 5.90-15 అని ఉంటుంది. వెడల్పు 5.90 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు అని అర్థం. రేడియల్ టైర్లలో దీనికి దగ్గరి కొలత 165/80 ఆర్ 15. ఆ తరువాత వచ్చే రెండంకెల సంఖ్య బరువుకు గుర్తు. అది కిలోలు కాదు. 84 అంటే టైరుకు 500 కిలోలు, 87 అంటే 545 కిలోలు. పక్కనుండే అక్షరం వేగానికి గుర్తు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు. చీరాల నుండి పర్చూరు పోవడానికి అంతకు మించిన అక్షరానికి డబ్బు పోయనక్కరలేదు.

లెక్క చూడండి. బండి బరువు 1,100 కిలోల పైమాటే. ఐదుగురు మనుషులు 325. నలభై లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. క్యానుతో కలిపి రెండింటికి నూరు వేసుకోండి. డిక్కీలో బరువు ఉంటే వెనుక టైరు ఒక్కొక్క దాని మీద సుమారు 430 కిలోలు పడుతుంది. దానిపై 40 కిలోల టిక్కీలు నాలుగు వేస్తే 84 నంబరు టైరుకు హద్దు దాటినట్లే. 87 నంబరుది మోసినా కమాన్లు మోయవు.

కొందరు కొత్త కార్ల 175/65 ఆర్ 15 టైరు వేస్తున్నారు. దాని ఎత్తు సుమారు 608 మిల్లీమీటర్లు. 165/80 టైరుది 645. బండి 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మీటరు కూడా నూరు కిలోమీటర్లకు 106 చూపుతుంది. కిలోమీటరు లెక్కన సంఘం బిల్లు చెల్లించే చోట కార్యదర్శులు ఇది గమనించవలెను.

ముందు రేడియల్, వెనుక నైలాన్ ఎన్నడూ వేయరాదు. మలుపులో బండి వెనుక భాగం జారిపోతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. పాత రిమ్ములకు ట్యూబు తప్పనిసరి.

తక్కువ తిరిగే బండికి టైరు అరగకముందే వయసు మీరుతుంది. పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం తయారీ. షాపువాడు కొత్తదని చెప్పినా ఆ అంకె చదివాకే డబ్బివ్వండి. ఐదేళ్లు దాటితే ఏటా పగుళ్లు చూపించుకోవాలి. పదేళ్లకు గాళ్లు నిండుగా ఉన్నా మార్చవలసిందే.

ఈ బరువు లెక్కలన్నీ గాలి సరిగా ఉన్నప్పటివి. గాలి తగ్గితే టైరు నలిగి వేడెక్కుతుంది. మే నెల ఎండలో అది పగిలితే ముందు మనుషులకే ప్రమాదం. క్యాన్లలో పాలు కూడా రోడ్డు మీదే విరిగిపోతాయి. తెల్లవారుజామున, బండి కదలకముందే గాలి చూడాలి. నడిచిన తరువాత ఎక్కువ చూపిందని తీయరాదు. స్టెప్నీని కూడా అప్పుడే చూడండి.