రక్తం చెప్పే సాక్ష్యం

కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని నిర్ణయించడాన్ని తర్కశాస్త్రం అనుమాన ప్రమాణం అంటుంది. కొండ ఎక్కి నిప్పును కళ్ళారా చూస్తే అది ప్రత్యక్షం. మంచుతెరను పొగ అని భ్రమించి నిప్పుందని పలికితే అది హేత్వాభాసం. లైంగిక సంక్రమణ వ్యాధులను గుర్తించడానికి నేటి ప్రయోగశాలల్లో జరిపే పరీక్షలను ఈ దృష్టితో చూడడం మేలు. ఏ పరీక్ష ఏ ప్రమాణానికి చెందినదో తెలియనివాడు ఫలితం చీటీని చదవగలడు గానీ దాని అర్థాన్ని గ్రహించలేడు.

ఈ వ్యాధులను లోకం ‘సుఖవ్యాధులు’ అంటుంది. ఇంతకంటె నిర్దయమైన పేరు లేదు. తల్లి గర్భంలోనే సిఫిలిస్ సోకిన శిశువు ఏ సుఖాన్ని అనుభవించింది? 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన ‘భావప్రకాశం’లో దీనిని ఫిరంగ రోగమన్నాడు. ఫిరంగులంటే ఐరోపావారు. ఆ ఐరోపాలోనే ఇటలీవారు దీనిని ఫ్రెంచి జబ్బన్నారు, ఫ్రెంచివారు నేపుల్సు జబ్బన్నారు. పొరుగువాడిని నిందించడం అందరికీ చేతనయింది. రోగకారకాన్ని చూడడం మాత్రం 1905 వరకు సాధ్యం కాలేదు.

ఆ ఏడు బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వ్రణరసంలో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది సాధారణ సూక్ష్మదర్శినికి సులభంగా ఆనదు. నల్లని నేపథ్యంలో పక్కనుంచి వెలుగు పడేటట్లు అమరిస్తే, చీకటి గదిలోని ఎండపొడలో ధూళికణం వలె మెరుస్తుంది. ఇది ప్రత్యక్షం. ఐతే పుండు మానగానే ఈ దారి మూసుకుపోతుంది. వ్యాధి మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది.

1906లో వాసర్‌మన్, ఆయన సహచరులు అనుమాన మార్గం పట్టారు. క్రిమిని వెదకక, రక్తరసంలో కలిగిన మార్పును పరీక్షించారు. నేటి వి.డి.ఆర్.ఎల్. పరీక్ష ఆ సంతతిదే. చిత్రమేమంటే, ఇందులో రక్తరసంతో కలిపే పదార్థం సిఫిలిస్ క్రిమినుంచి తీసినది కాదు. ఎద్దు గుండెనుంచి మొదట వేరుచేసిన కార్డియోలిపిన్ అనే కొవ్వు. దెబ్బతిన్న కణాల కొవ్వుకు ప్రతిగా దేహంలో పుట్టిన ప్రతిరక్షకాలు దానితో కూడి రేణువులుగా పేరుకుంటాయి. కనుకనే మలేరియా, కుష్ఠు, లూపస్ వంటి వ్యాధుల్లోనూ, ఒక్కొక్కసారి గర్భధారణలోనూ ఈ పరీక్ష ‘ఉంది’ అని పలుకుతుంది. మంచు పొగగా తోచడమంటే ఇదే. ఆ ఒక్క చీటీని పట్టుకొని కుదిరిన పెళ్ళి చెడగొట్టుకోవడం, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించడం ఎంత అన్యాయం! (తర్కంలో నిశ్చయానికి దారియైన అనుమానం, లోకవ్యవహారంలో సందేహమై కూర్చుంది.)

అందుచేత టి.పి.హెచ్.ఎ. అనే రెండవ పరీక్ష జరుపుతారు. అది ఆ క్రిమికే ప్రత్యేకమైన ప్రతిరక్షకాలను పట్టుకుంటుంది. దానికీ ఒక పరిమితి ఉంది. వ్యాధి నయమైన తరువాత కూడా ఆ ఫలితం తరచు జీవితాంతం అలాగే నిలుస్తుంది. పొయ్యి చల్లారినా గోడకు మసి మిగిలినట్లు. మందు పనిచేసిందో లేదో తెలిపేది మళ్ళీ ఆ పాత వి.డి.ఆర్.ఎల్. కొలతే. చికిత్స ఫలిస్తే అది క్రమంగా తగ్గుతుంది. గర్భిణికి తొలినెలల్లోనే ఈ పరీక్ష జరిపి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే బిడ్డను కాపాడవచ్చు.

‘లేదు’ అన్న ఫలితం కూడా అంతే జాగ్రత్తగా చదవదగినది. హెచ్.ఐ.వి. సోకిన తరువాత ప్రతిరక్షకాలు పరీక్షకు అందడానికి మూడు వారాలనుంచి మూడు నెలలు పట్టవచ్చు. నిప్పు రాజుకుంది, పొగ ఇంకా లేవలేదు. ‘ఉంది’ అని చెప్పడానికి మనదేశంలో ఆరోగ్యంగా కనిపించే వ్యక్తికి మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారిస్తారు. 2017 నాటి చట్టం ప్రకారం వ్యక్తి సమ్మతి లేనిదే ఈ పరీక్ష జరపరాదు, ఫలితాన్ని వెల్లడించరాదు.

1983లో కేరీ మల్లిస్ కనుగొన్న పి.సి.ఆర్. పద్ధతి మనలను తిరిగి ప్రత్యక్షానికి చేరువ చేసింది. క్రిమి డి.ఎన్.ఎ.లోని ఒక చిన్న భాగాన్ని ఆవృత్తి ఆవృత్తికి రెట్టింపు చేస్తే, 30 ఆవృత్తులకు ఒక్కటి 107 కోట్లవుతుంది. స్త్రీలలో ఏ బాధా కలిగించకుండానే సంతానలేమికి దారితీయగల క్లమీడియాను ఇటువంటి పద్ధతులు మూత్రపు నమూనాలోనే పట్టుకుంటాయి. ఐతే చచ్చిన క్రిమి శకలాన్నీ ఇవి లెక్కలోకి తీసుకుంటాయి. పైగా గనేరియా క్రిమి అనేక మందులకు లొంగడం మానింది; బతికిన క్రిమిని పెంచి, దానిపై మందును ప్రయోగించి చూస్తేగాని ఏది పనిచేస్తుందో పూర్తిగా తెలియదు. అందుకే గాజుపళ్ళెంలో క్రిమిని పెంచే పాత పద్ధతిని ప్రయోగశాలలు నేటికీ విడిచిపెట్టలేదు.