నలుపు తెలుపు బొమ్మను చదవడం ఎలా?

పాఠాన్ని చదివినట్టే బొమ్మను కూడా చదవచ్చు. ఈమధ్య నేను ఎట్లా నేర్చుకున్నానో చెప్తాను.

మా అన్న హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూములో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనే ఉంటాడు. అక్కడి రోడ్డును అన్న దోస్తు ఫోటో తీస్తే, నలుపు తెలుపులో కాగితం మీద వేయించి నాకు పంపాడు. "ఇందులో నేనున్నా, వెతుకు" అన్నాడు. అన్నకు ఉన్నది ఎర్ర చొక్కా. ఎంత వెతికినా దొరకలేదు. ఎందుకంటే రంగు తీసేస్తే ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగులా కనబడవచ్చు. అందుకని ఇలాంటి బొమ్మలో గీతను, గరుకును చూడాలి.

మొదట గీతలు చూద్దాం. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో దారి చిక్కడపల్లి నుండి నారాయణగూడకు రోడ్డు పైననే పోతుంది. బొమ్మలో వంతెన అంచు, స్తంభాల వరుస దూరం పోయినకొద్దీ చిన్నవై ఒకచోట కలిసినట్టుంటాయి. మన చూపు వాటి వెంట లోపలికి పోతుంది. నిలువు గీతలు కదలకుండా నిలబడ్డట్టు, ఏటవాలు గీతలు కదులుతున్నట్టు అనిపిస్తాయి.

తర్వాత గరుకు. ఎండ పక్కనుండి పడితేనే గరుకు బాగా తెలుస్తుంది. ఈ ఫోటో పొద్దున తీసింది. గోడ పెచ్చులు, చింపిన పోస్టరు అంచులు చేతికి తగిలినట్టే ఉన్నాయి. మన వెదురు బుట్టను పొద్దుటి ఎండలో చూడండి, ఒక్కొక్క అల్లిక కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం అంతగా కనబడదు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు ఎచింగ్ బొమ్మలకు పేరు పొందారు. ఎచింగ్‌లో మైనం పూసిన లోహపు రేకు మీద సూదితో గీస్తారు. గీసినచోట ఆమ్లం తింటుంది, ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అచ్చు వేస్తారు. గీతలు దగ్గరగా పడితే నీడ, దూరంగా పడితే వెలుతురు.

ఇట్లా చూస్తూ పోతే స్తంభం పక్కన ఒక ఏటవాలు గీత దొరికింది. అది పుస్తకాల సంచి బరువుకు వంగిన భుజం. ఇస్త్రీ లేని చొక్కా ముడతలు. మా అన్నే! ఫోన్‌లో ఎప్పుడూ "మంచిగున్న" అంటాడు. మెడ దగ్గర ఎముక నీడను చూసినంక ఆదివారం వార్డెన్ సారును అడిగి ఫోన్ చేసి, "అన్నా, పూటకు తింటున్నవా?" అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు.

ఫోటోను ఈ పత్రిక పక్కనే అంటించాను. నాకు కనబడని గీత మీకు కనబడితే చెప్పండి.