లెక్క తేలని చోటే ఉద్యోగం ఉంది

ఉద్యోగాల వెబ్‌సైట్‌లో 'ఆర్ఎఫ్ఐడీ ఆపరేటర్' అని కొట్టి వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. ఆ పని వేరే పేర్లతో ఉంటుంది. నగల షోరూమ్‌లో స్టాక్ ఎగ్జిక్యూటివ్ అంటారు, గోదాములో ఇన్వెంటరీ ఎగ్జిక్యూటివ్ అంటారు, యూనివర్సిటీలో లైబ్రరీ అసిస్టెంట్, ఆడిట్ సంస్థలో ఫీల్డ్ స్టాఫ్. పేరేదైనా బల్ల మీద పలకలాంటి చిన్న పరికరం ఒకటి ఉంటుంది, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలించి. దాని మీద ట్యాగులున్న వస్తువులు పెడితే తెర మీద వాటి నంబర్లు వరుసగా దిగిపోతాయి. డెస్క్‌టాప్ ఆర్ఎఫ్ఐడీ రీడర్ అంటే ఇదే.

వస్తువులు పెట్టడం, బీప్ వినడం అరగంటలో ఎవరికైనా వచ్చేస్తుంది. దానికి ఎవరూ మంచి జీతం ఇవ్వరు. ట్రేలో 50 ఉంగరాలు ఉండాల్సి ఉండగా తెర 49 అంటే, ఆ ఒక్కటి నిజంగా పోయిందా, ఉండి కూడా రీడర్‌కి చిక్కలేదా అన్నది తేల్చేవాళ్లు కావాలి. బీకామ్ చదివినా, బీఎస్సీ చదివినా, డిప్లొమా చేసినా, నేర్చుకుని వెళ్లాల్సింది ఈ తేల్చే పనే.

రెండు జాతుల ట్యాగులు

కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్, మెట్రో స్టేషన్‌లో తాకించే స్మార్ట్ కార్డు, రెండూ ఆర్ఎఫ్ఐడీయే. కానీ ఒక జాతివి కావు. మెట్రో కార్డు 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. దీన్ని హెచ్ఎఫ్ అంటారు. దగ్గరికి తెస్తేనే పలుకుతుంది. మన గ్రంథాలయాల్లో పుస్తకాలకు అంటించే ట్యాగులు ఎక్కువగా ఈ కోవవే. ఫాస్టాగ్ యూహెచ్ఎఫ్. మీటర్ల దూరం నుంచి చదవొచ్చు. బట్టల దుకాణాలు, గోదాములు, ఆఫీసు ల్యాప్‌టాప్‌ల లెక్క ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. హెచ్ఎఫ్ రీడర్ మీద యూహెచ్ఎఫ్ ట్యాగ్‌ని ఎంతసేపు రుద్దినా ఉలకదు, పలకదు. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ సంస్థ ఏది వాడుతుందో కనుక్కోవడం మంచిది.

యూహెచ్ఎఫ్ రీడర్ సాఫ్ట్‌వేర్‌లో 'రీజియన్' అనే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. మన దేశంలో ఈ పరికరాలు వాడుకునేది 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో, అమెరికాలో 902–928లో. బయటి దేశం నుంచి తెప్పించిన రీడర్‌ని పెట్టె విప్పిన వెంటనే చూసుకోవాల్సింది ఈ సెట్టింగే. మన దేశంలో అమెరికా పట్టీ మీద నడపడం నిబంధనలకు విరుద్ధం. పైగా ఆ పౌనఃపున్యాల్లో కొన్ని మొబైల్ ఫోన్ కంపెనీలవి.

ఈ ట్యాగుల్లో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే తరంగంలోంచే శక్తి తీసుకుని, తమ నంబరు చెప్పి ఊరుకుంటాయి. మరి 50 ట్యాగులు ఒకేసారి గొంతెత్తితే? క్లాసులో అందరూ ఒక్కసారిగా 'ప్రెజెంట్ సార్' అంటే మాస్టారికి ఏమీ వినపడనట్టే అవుతుంది. అందుకే రీడర్ ముందుగా ఇన్ని వంతులున్నాయని ప్రకటిస్తుంది. ప్రతి ట్యాగూ తోచిన వంతు ఒకటి ఎంచుకుని, ఆ వంతు వచ్చినప్పుడే పలుకుతుంది. ఇద్దరు ఒకే వంతులో పడితే ఆ వంతు వృథా, మళ్లీ ఆడతారు. క్షణాల్లో ఇలాంటి ఆటలు చాలా జరుగుతాయి కాబట్టి మనకి అన్నీ ఒకేసారి చదివినట్టు అనిపిస్తుంది. అందువల్లే తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి: మొత్తం ఎన్నిసార్లు చదివింది, విడివిడి ట్యాగులు ఎన్ని. కొత్తవాళ్లు మొదటి అంకె చూసి కంగారు పడుతుంటారు. మనకి కావాల్సింది రెండోది.

నమోదు ఒక్కొక్కటిగా, తనిఖీ గుంపుగా

ఈ ఉద్యోగంలో రోజూ చేసే పనులు రెండే. వస్తువుకి ట్యాగ్ తగిలించి, ట్యాగ్ నంబరునీ వస్తువు వివరాలనీ ముడిపెట్టడం నమోదు. ఆ తర్వాత గుంపుగా పెట్టి, ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూడటం తనిఖీ. ఈ రెంటికీ ఒకే రీడర్ వాడతారు కానీ వాడే తీరు వేరు. చాలామంది బోల్తా పడేది ఈ తేడా దగ్గరే.

గ్రంథాలయంలో నమోదు ఎలా ఉంటుందో చూద్దాం. పుస్తకం వెనక అట్ట లోపల, కుట్టుకు దగ్గరగా ట్యాగ్ అంటిస్తారు. పుస్తకం మీదున్న బార్‌కోడ్‌ని స్కాన్ చేస్తే కోహా లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ పుస్తకం రికార్డు తెరుచుకుంటుంది. పుస్తకాన్ని రీడర్ మీద పెట్టి అక్సెషన్ నంబరుని (గ్రంథాలయం ఆ పుస్తకానికి ఇచ్చిన నంబరుని) ట్యాగ్‌లోకి రాస్తారు. రాసిన వెంటనే తిరిగి చదివి రెండూ ఒకటేనా అని చూస్తారు. చివరగా భద్రతా గుర్తుని 'లోపల ఉంది' అన్న స్థితిలో పెడతారు. దాన్ని మరిచిపోతే పుస్తకం ఎవరికీ ఇవ్వకుండానే గేటు దాటినా అలారం మోగదు. ట్యాగ్‌ని అన్ని పుస్తకాలకూ సరిగ్గా ఒకే ఎత్తులో అంటించకూడదు. పల్చటి పుస్తకాలు దొంతరగా పెట్టినప్పుడు ట్యాగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ఒకదాని బలాన్ని మరొకటి మింగేస్తుంది. కొంచెం పైకీ కిందకీ జరిపి అంటిస్తే తర్వాత లెక్కింపులో ఎన్నో తిప్పలు తప్పుతాయి. ఇలాంటివి మాన్యువల్‌లో ఒక్క వాక్యంలో ఉంటాయి, ఉద్యోగంలో మాత్రం నెలల తరబడి వెంటాడతాయి.

యూహెచ్ఎఫ్‌లో అసలు ప్రమాదం ఇంకోటి. ట్యాగ్‌లో ఈపీసీ అనే నంబరు ఉంటుంది. ఎక్కువ చోట్ల ఇది 96 బిట్లు, తెర మీద 24 అక్షరాలు. దీన్ని మనం మార్చి రాయొచ్చు. టీఐడీ అనే మరో నంబరు చిప్ తయారీలోనే పడిపోతుంది, దాన్ని మార్చలేం. ఇప్పుడు రీడర్ పవర్ పూర్తిగా పెట్టి, పక్కనే ట్యాగుల రోల్ ఉంచుకుని, చేతిలో ఉన్న ట్యాగ్‌కి నంబరు రాస్తున్నారనుకోండి. ఆ నంబరు చేతిలో ట్యాగ్‌కి కాక రోల్‌లోని మరో ట్యాగ్‌కి వెళ్లిపోవచ్చు. తెర మీద 'సక్సెస్' అనే వస్తుంది. కాబట్టి నమోదు చేసేటప్పుడు పవర్ బాగా తగ్గించాలి, రోల్ బల్ల దిగిపోవాలి, రీడర్ మీద ఒక్క ట్యాగే కనిపిస్తోందని చూసుకున్నాకే రాయాలి. ఇంకా గట్టిగా ఉండాలంటే ఫలానా టీఐడీ ఉన్న ట్యాగ్‌కే రాయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పొచ్చు. తనిఖీకి కూర్చున్నప్పుడు పవర్ పెంచి, అన్నీ కలిపి చదివించుకోవచ్చు.

లాక్, కిల్ అనే ఆదేశాలు కూడా మెనూలో కనిపిస్తాయి. కిల్ చేసిన ట్యాగ్ మళ్లీ లేవదు, శాశ్వత లాక్ మళ్లీ తెరుచుకోదు. పనిలో చేరిన కొత్తలో ఆ వైపు వెళ్లకపోవడమే మేలు.

ఎక్సెల్ చేసే మాయ

చాలా డెస్క్‌టాప్ రీడర్లు కీబోర్డులా నటిస్తాయి. కర్సర్ ఎక్కడుంటే అక్కడ నంబరు టైప్ చేసి ఎంటర్ కొడతాయి. సౌకర్యమే, కానీ కర్సర్ పొరపాటున వాట్సాప్ కిటికీలో ఉంటే స్టాక్ నంబర్లన్నీ స్నేహితుడికి వెళ్లిపోతాయి.

ఇంతకంటే పెద్ద మాయ ఎక్సెల్ చేస్తుంది. అది ఏ అంకెలోనైనా 15 స్థానాలే గుర్తుపెట్టుకుంటుంది. 24 అక్షరాల ఈపీసీలో అన్నీ అంకెలే పడితే చివరి తొమ్మిదీ సున్నాలైపోతాయి. మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి. మధ్యలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం ఒక్కటే వచ్చి మిగతావి అంకెలైతే, ఎక్సెల్ దాన్ని పది ఘాతంగా లెక్కగట్టి మరేదో చూపించవచ్చు. వందల నంబర్లలో ఇలాంటివి నాలుగైదు ఉన్నా చాలు, తనిఖీ మొత్తం తప్పుతుంది. అవి పోయాయని తర్వాత పట్టుకోవడమూ కష్టం. స్కానింగ్ మొదలుపెట్టకముందే ఆ నిలువు వరుసను 'టెక్స్ట్'గా మార్చేస్తే ఈ బాధ ఉండదు. స్కాన్ అయ్యాక మారిస్తే లాభం లేదు, పోయిన అంకెలు తిరిగి రావు.

49, 51, 50

ఈ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేయమంటే ఈ మూడు అంకెలే ఇస్తాను.

50 పెడితే 49 వచ్చాయి. 50 వచ్చేదాకా మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తానన్నవాళ్లకి నేనైతే మార్కులు వేయను. రాని నంబరు ఏదో ముందు తెలియాలి. ఆ వస్తువుని వెతికి, విడిగా రీడర్ మీద పెట్టాలి. విడిగా పలికితే ఇబ్బంది అమరికలో ఉన్నట్టు: ట్యాగ్ బంగారానికి అంటుకుపోయి ఉంటుంది, లేదా మరో ట్యాగ్ కింద నలిగి ఉంటుంది. లోహం యూహెచ్ఎఫ్‌కి గిట్టదు, అందుకే నగలకు ట్యాగ్ దారంతో కాస్త దూరంగా వేలాడుతుంది. విడిగా పెట్టినా పలకకపోతే ట్యాగ్ చచ్చింది. వస్తువే కనబడకపోతే వెంటనే పైవాళ్లకి చెప్పాలి. ఇంకో అవకాశం కూడా ఉంది: రెండు ఉంగరాలకి పొరపాటున ఒకే ఈపీసీ రాసి ఉండొచ్చు. అప్పుడు 50 ఉన్నా సాఫ్ట్‌వేర్ 49 అనే లెక్కపెడుతుంది. టీఐడీలు చదివిస్తే గుట్టు బయటపడుతుంది.

51 వచ్చాయి. పక్క ట్రేలోది చిక్కిందేమో చూడాలి, పవర్ తగ్గించి మళ్లీ చదవాలి. అదనపు నంబరు అసలు జాబితాలోనే లేకపోతే నమోదు కాని వస్తువు షోరూమ్‌లో తిరుగుతోందన్నమాట. దాన్ని కూడా రాసి పెట్టాలి.

ఇక 50కి 50 వచ్చాయి. చాలామంది ఇక్కడ సంతకం పెట్టేస్తారు. కానీ ఈ ట్రేలోది ఒకటి పోయి, పక్క ట్రేలోది ఒకటి చిక్కినా మొత్తం 50యే. పోల్చాల్సింది అంకెల్ని కాదు, జాబితాల్ని. ఉండాల్సిన నంబర్లు ఒక వరుసలో, చదివినవి మరో వరుసలో పెట్టి, మ్యాచ్ ఫార్ములాతో (చివర 0 పెట్టి) అటూ ఇటూ రెండువైపులా సరిచూడాలి. ఇది చెప్పగలిగిన అభ్యర్థి మిగతావాళ్లకంటే ముందుంటారు.

ఎవరికి ఏ దారి

బీకామ్ వాళ్లకి దగ్గరి దారి ఆస్తుల తనిఖీ. కారో 2020 (కంపెనీల ఆడిటర్ నివేదిక ఉత్తర్వు) వర్తించే కంపెనీల్లో, యాజమాన్యం తన యంత్రాలూ పరికరాలూ తగిన వ్యవధుల్లో ప్రత్యక్షంగా సరిచూసిందా లేదా అన్నది ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. వేల ల్యాప్‌టాప్‌లు, కుర్చీలు, సర్వర్లు ఉన్న ఆఫీసుల్లో ఈ పని ట్యాగులతో చేస్తే తొందరగా తెములుతుంది. ట్యాగులు తయారుచేసి నమోదు చేసే బల్ల దగ్గర పని అర్థమైనవాళ్లకి, తర్వాత చేతి రీడర్ పట్టుకుని అంతస్తులు తిరిగే పని కష్టం కాదు.

గ్రంథాలయ శాస్త్రం చదవాలనుకుంటే ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో శాఖలున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. గ్రంథాలయ ట్యాగ్‌లో ఏ వివరం ఎలా రాయాలో చెప్పే ఐఎస్‌ఓ 28560 ప్రమాణం పేరు విన్న విద్యార్థులే తక్కువ, ఒకసారి తిరగేసి ఉంచుకోండి.

బట్టల రంగంలో దుకాణం, ఫ్యాక్టరీ రెండూ ఉన్నాయి. డెకథ్లాన్‌లో కొన్న వస్తువులన్నీ తొట్టెలో వేస్తే ఒకేసారి బిల్లు అవడం చూసే ఉంటారు. ఆ ట్యాగులు దుకాణంలో పుట్టవు, సరుకు తయారయ్యే దశలోనే పడతాయి. బార్‌కోడ్ 'ఈ రకం చొక్కా' అని మాత్రమే చెబుతుంది, ట్యాగ్ 'ఈ చొక్కా' అని చెబుతుంది. అందుకే విదేశీ కొనుగోలుదారులకు కుట్టే ఫ్యాక్టరీల ప్యాకింగ్ విభాగంలో ఈ నైపుణ్యం అక్కరకొస్తుంది.

కంప్యూటర్స్ విద్యార్థులు ఆపరేటర్‌గా మొదలుపెట్టినా అక్కడే ఉండిపోకూడదు. రీడర్ కంపెనీలు తమ పరికరంతో పాటు ఎస్‌డీకే ఇస్తాయి. పైథాన్‌తోనో సీ షార్ప్‌తోనో రీడర్ని నడిపి, నంబర్లని డేటాబేస్‌లో పడేసే చిన్న ప్రోగ్రామ్ రాయగలిగితే, ఈ పరికరాలు అమ్మే సంస్థల్లో ఇంప్లిమెంటేషన్, సపోర్ట్ ఉద్యోగాలు అందుతాయి. ఎస్‌క్యూఎల్ తప్పనిసరిగా రావాలి.

ఇంట్లో సాధన

రీడర్ కొనక్కర్లేదు. ఎన్ఎఫ్‌సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ గ్రంథాలయ ట్యాగుల్ని చదవగలదు. ఎన్ఎక్స్‌పీ కంపెనీ ఇచ్చే ట్యాగ్ఇన్ఫో యాప్ ఉచితం. మీ కాలేజీ గ్రంథాలయ పుస్తకాలకు హెచ్ఎఫ్ ట్యాగులుంటే, లైబ్రేరియన్‌ని అడిగి, వెనక అట్టకి ఫోన్ ఆనించి చూడండి. ఐఎస్‌ఓ 15693 ట్యాగ్ అయితే దాని శాశ్వత నంబరు 'ఈ0'తో మొదలవుతుంది, ఆ తర్వాతి రెండక్షరాలు తయారీదారుడి గుర్తు. 04 కనిపిస్తే చిప్ ఎన్ఎక్స్‌పీది. యూహెచ్ఎఫ్‌ని మాత్రం మామూలు ఫోన్ చదవలేదు.

తర్వాత ఇంట్లో ఉన్న 30 పుస్తకాలకు జాబితా తయారుచేయండి. ట్యాగులు దొరక్కపోతే కాగితం మీద నంబర్లు రాసి అంటించినా సరే. మీ తమ్ముణ్ణో చెల్లినో రెండు దాచేయమనండి, జాబితాలో లేనిది ఒకటి కలపమనండి, ఒక నంబరుని రెండు పుస్తకాలకు వేయమనండి. ఎక్సెల్‌లో జాబితాలు పోల్చి, ఏ తేడాకి ఏం కారణమో ఒక్కో వరుస రాయండి. రెజ్యూమెలో 'ఆర్ఎఫ్ఐడీ నాలెడ్జ్' అని రాసే బదులు ఆ తేడాల పట్టికను ఒక పేజీగా జతచేయండి. ఇంటర్వ్యూలో దాని మీద ప్రశ్నలు వస్తే జవాబులు మీ దగ్గరే ఉంటాయి.