చిల్లర మెగావాట్లు

మాచర్ల,
ఆదివారం.

చి.ల.సౌ. బుజ్జికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మమ్మ మోకాళ్ళు కాస్త నయం. గేదె ఈనింది. నువ్వు లేకుండా జున్ను వండటానికి ఆవిడకి మనసొప్పలేదు గాని, జున్నుపాలు నీకోసం ఆగవు కదా, వండి పక్కింటి పిల్లలకి పెట్టింది. నువ్వు బెజవాడలో లోడ్ డిస్పాచ్ గదిలో రాత్రి షిఫ్టు చేస్తున్నావని నలుగురికీ చెప్పుకుంటుంటే, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఈ ముసలాడికి ఎంత గర్వమో, అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే ఏం తింటావో అని అంత బెంగ.

మొన్న ఫోన్లో నాగార్జునసాగర్ మాట వచ్చి, "మెయిన్ పవర్‌హౌస్ ఎనిమిదొందల చిల్లర మెగావాట్లు తాతయ్యా" అన్నావు. సరిగ్గా చెప్పాలంటే 815.6. నా మనసు ఆ చిల్లర దగ్గరే ఉండిపోయింది తల్లీ. పదిహేను సంగతి అలా ఉంచు, చుక్క తర్వాతి ఆరునే చూడు. 0.6 మెగావాట్ అంటే 600 కిలోవాట్లు, ఆరు లక్షల వాట్లు. మన చేలో 5 హెచ్‌పి మోటారు 3.7 కిలోవాట్లు, ఆ లెక్కన నూట అరవై మోటార్లు. కాకపోతే మోటారుకి బిగించిన ప్లేటు మీద రాసేది ఇరుసు దగ్గర అది ఇచ్చేది, లైను నుంచి లాగేది అంతకంటే ఎక్కువ, కాబట్టి నూట ముప్ఫై అనుకో. ఒక చిన్న ఊరి మెట్ట పొలమంతా ఆ చుక్క అవతలే ఉంది.

ఆ ప్లేటు నీకు గుర్తుందో లేదో. వేసవి సెలవులకి వచ్చినప్పుడు, మోటారు మీద గ్రీజూ దుమ్మూ పేరుకున్న ఆ రేకుని కొత్త గౌను అంచుతో తుడిచి, అమ్మమ్మ చేత తిట్లు తిని, ఆ తిట్ల మధ్యలోనే "ఒక్క మోటారుకి రెండు అంకెలెందుకు తాతయ్యా, ఇక్కడ ఐదు, అక్కడ మూడు పాయింట్ ఏడు?" అని అడిగావు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లనీ, జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం బలం జనానికి అర్థం కావాలని గుర్రాలతో లెక్క కట్టి చెప్పాడనీ, చివరికి కొలతకి ఆయన పేరే పెట్టారనీ నేను చెప్పుకుంటూ పోతే, నువ్వు అంతా విని "పాపం ఐదు గుర్రాలూ లోపలే ఉన్నాయా?" అన్నావు. ఆ మధ్యాహ్నమే స్తంభమెక్కి జంపరు కడుతున్న హెల్పరు దిగేదాకా, ఎండలో మజ్జిగ చెంబు పట్టుకుని కదలకుండా నిలబడ్డావు. నీ ఇంజనీరింగు మార్కులు నాకు గుర్తు లేవు గాని ఆ చెంబు గుర్తే.

వెయ్యి వాట్లు కిలోవాట్, వెయ్యి కిలోవాట్లు మెగావాట్, వెయ్యి మెగావాట్లు గిగావాట్; ఎక్కేటప్పుడు మూడు సున్నాలు కొట్టెయ్యడం, దిగేటప్పుడు మూడు చేర్చడం, అంతే. మనవాళ్ళు తడబడేదల్లా మన లెక్క వెయ్యి దాటాక వందేసి రెట్లు ఎక్కుతుంది గనక. లక్ష వాట్లంటే మా వీధి చివరి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు, అదీ పవర్ ఫ్యాక్టరు బాగున్న రోజున. మెగావాట్ పది లక్షలు, కోటి వాట్లు పది మెగావాట్లు, గిగావాట్ వంద కోట్లు. "రోజుకి ఇన్ని మెగావాట్లు వాడారు" అని పేపర్లో కనిపిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మెగావాట్ వేగం లాంటిది, నడిచిన దూరం యూనిట్లలో చెప్పాలి. ఒక మెగావాట్ రోజంతా ఆగకుండా నడిస్తే 24,000 యూనిట్లు. నేను ఇది మొదలెట్టగానే అమ్మమ్మ "కాఫీ చల్లారుతోంది, ముందు తాగండి" అంటుంది.

మిల్లీవాట్‌ని, అంటే వాట్‌లో వెయ్యో వంతుని, మా రోజుల్లో పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడు టవర్ల నెత్తిన పోయే ఎర్తు వైరు లోపలే గాజు తీగ పెట్టి, మీ తెర మీది అంకెలు దాంట్లోంచే పంపుతున్నారని నువ్వే చెప్పావు. ఆ వెలుగు బలం ఒక మిల్లీవాట్‌కి అటూ ఇటూ. ఎక్కడ ఎన్ని వందల మెగావాట్లు ఆడుతున్నాయో నీకు కబురు తెచ్చేది అదన్నమాట! ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ తేడా ఎమ్ చిన్నదా పెద్దదా అన్నదొక్కటే, రెట్లలో చూస్తే వంద కోట్లు.

ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారినప్పుడు "ఇన్ని మెగావాట్లు తగ్గించండి" అని మీరు ఫోన్ చేస్తే, ఇక్కడ సబ్‌స్టేషన్లో ఆపరేటరు ఫీడరు తీసేస్తాడు. వంద ఆంపియర్లు లాగే 11 కేవీ ఫీడరు రెండు మెగావాట్లు కూడా ఉండదు. మీ తెర మీద ఆ రెండు ఎవరి కంటికీ ఆనదు. ఇక్కడ మాత్రం నారుమడికి నీళ్ళు పెట్టేవాడు మడవ దగ్గర పార పట్టుకుని నిలబడిపోతాడు, పరీక్షలకి చదివే పిల్ల కొవ్వొత్తి వెతుక్కుంటుంది. తియ్యక తప్పనప్పుడు తియ్యాల్సిందే, నేనూ తీయించినవాణ్ణే. ఆ ఆపరేటరుతో మాట్లాడేటప్పుడు మాత్రం విసుక్కోకు, తర్వాత ఊళ్ళోవాళ్ళ మాటలు పడేది వాడు.

లాగ్ షీట్లో ప్రతి అంకె పక్కనా వాట్లో, కిలోవాట్లో, మెగావాట్లో తప్పకుండా రాయి, ఎంత తొందరలో ఉన్నా సరే. చిన్న ఎమ్, పెద్ద ఎమ్ తేడా తెలిసేలా రాయి. నీ చేతిరాతలో చిన్నప్పట్నుంచీ రెండూ ఒకేలా ఉంటాయి. మీ మామయ్య చేత చెక్కల డబ్బా పంపిస్తున్నాం, నీ తర్వాత షిఫ్టుకొచ్చే వాళ్ళకీ కొన్ని ఉంచు.

ఆశీస్సులతో,
తాతయ్య