కేస్ షీటులో ఖాళీ జాగా

వైద్యంలో నిర్లక్ష్యమంటూ నోటీసు అందిందని డాక్టరు ఫోన్ చేయగానే ఆయన లాయరుగా నేను మొదట అడిగేది తేదీ. "ఏ రోజు ముట్టింది సార్? దాంతో పాటు ఫిర్యాదు కాపీ ఉందా?" వినియోగదారుల కమిషన్‌లో కౌంటర్ వేయడానికి 30 రోజులు గడువు. సరైన కారణం చూపిస్తే మరో 15. ఆ 45 దాటితే ఎంత మొత్తుకున్నా తీసుకోరు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చేసింది. ఇండెమ్నిటీ పాలసీ ఉంటే బీమా కంపెనీకి ఆ రోజే ఉత్తరం రాయిస్తాను.

తర్వాత కేస్ షీటు. ఒరిజినల్‌ను జిరాక్సు తీయించి, పేజీలకు నంబర్లు వేయడం కూడా ఆ జిరాక్సు మీదే చేసి, ఒరిజినల్‌ను బీరువాలో పెట్టి తాళం వేయమంటాను. దాని మీద పెన్ను పెట్టొద్దని రెండుసార్లు చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక డాక్టరు నా మాట వినలేదు. "ముప్పు గురించి బంధువులకు వివరించాం" అని ప్రోగ్రెస్ నోట్స్‌లో ఒక వాక్యం చేర్చారు. ఆయన నిజంగానే వివరించారు కూడా. కానీ ఫిర్యాదీ అప్పటికే రికార్డు కాపీ తీసుకుని ఉన్నారు. వైద్యుల ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, ఆస్పత్రి ఇచ్చింది. వాళ్ల ఎగ్జిబిట్ ఎ-4, మా బి-1 పక్కపక్కన పెట్టి చూశారు. వైద్యంలో వేలెత్తి చూపడానికేమీ లేదు. అయినా ఆ కేసు పోయింది.

కౌంటర్ రాసే ముందు గంట గంటకూ ఏం జరిగిందో ఒక పెద్ద కాగితం మీద వేస్తాను. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెడతాను. ఇటీవలి ఒక ప్రసవం కేసులో నర్సు చార్టు ప్రకారం రాత్రి 2:10కి బీపీ 80/50, డాక్టరుకు ఫోన్. డాక్టరు నోటు 2:25. ఇంజెక్షన్‌కు ఫార్మసీ బిల్లు 2:31. ముగ్గురూ ఎవరి పని మీద వాళ్లుండి రాసినవి ఒకదానికొకటి అతికాయంటే నాకు ధైర్యం. కానీ 2:31 నుంచి 3:15 దాకా ఒక్క అక్షరం లేదు. ఆ ఖాళీకి జవాబు దొరకనిదే కౌంటర్ మొదలుపెట్టను. జరిగినదాన్ని కూడా "కాదు" అని కొట్టిపారేసే కౌంటర్ డాక్టరుకే చేటు.

సమ్మతి పత్రం చూస్తాను. పరీక్ష కోసం సంతకం తీసుకుని గర్భసంచి తీసేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఖాళీ ఫారం మీద సంతకం కనిపిస్తే రాజీ మాట నేనే ఎత్తుతాను.

ఇక నిపుణుడి సాక్ష్యం. అదే విభాగంలో మామూలు నైపుణ్యమున్న వైద్యుడు ఆ పరిస్థితిలో అలా చేస్తాడా అన్నదే కొలమానం. 1957 నాటి ఇంగ్లండ్ బోలామ్ తీర్పులోని ఈ సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో నిలబెట్టింది. ఫిర్యాదీ నిపుణుణ్ణి తేలేదు కదా అని చేతులు కట్టుకుని కూర్చోవడం ప్రమాదం. హైదరాబాద్ నుంచే వెళ్లిన వి. కిషన్‌రావు కేసులో, మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన చోట నిపుణుడు అక్కర్లేదని 2010లో తేల్చారు. అందుకే మా తరఫున అదే విభాగం ప్రొఫెసర్‌ను అడుగుతాను. వైద్యం జరిగిన ఏడాదికి వాడుకలో ఉన్న పాఠ్యపుస్తకమే చూపించమంటాను.

ఎక్కువగా సాక్ష్యం అఫిడవిట్ల మీదే నడుస్తుంది. ఆ ప్రసవం కేసులో మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్‌కు అనుమతించారు. మూడు సాయంత్రాలు డాక్టరును నా ఆఫీసులో కూర్చోబెట్టాను. "కాంప్లికేషన్ అనొద్దు సార్, రక్తం ఆగలేదని చెప్పండి. గుర్తు లేనిది గుర్తు లేదనండి. ఎదురుగా కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఉంటుంది. గొంతు పెంచొద్దు."

వాయిదా రోజు అవతలి లాయరు నేరుగా ఆ ఖాళీ మీదికే వచ్చారు. "ఆ 44 నిమిషాలు మీరెక్కడున్నారు?"

"ఆమె పక్కనే. రెండు చేతులతో గర్భసంచి నొక్కి పట్టుకుని ఉన్నాను. రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. తర్వాతైనా రాసి ఉండాల్సింది, రాయలేదు."

కమిషన్ సభ్యురాలు చార్టు పేజీ మీంచి తలెత్తి ఆయన్ని చూశారు. ఆ జవాబును ఉన్నదున్నట్టు రాసుకోమని స్టెనోకు చెప్పారు.