డెక్కు మీది తెల్ల పెట్టె గురించి

అగళి

చిరంజీవి అల్లుడికి,

మీ అమ్మ నువ్వు పంపిన ఫోటోను ఊరంతా చూపిస్తోంది.

నీ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. నువ్వు పనిచేసే పడవ డెక్కు మీద తెల్ల ఫైబర్ పెట్టెలో లైఫ్ రాఫ్ట్, అంటే పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప, ఉందనీ, కొన్నాక దాన్ని ఎవరూ తెరవలేదనీ, దానికి చేయాల్సిన పనేమీ లేదని ఓనరు చెప్పాడనీ ఒకచోట రాశావు. చలికాలంలో పెళ్ళాం పిల్లల్తో దుబాయ్ నుంచి మస్కట్ దాకా సెయిలింగ్ పోవాలని ఆయన ఆశపడుతున్నాడని ఇంకోచోట రాశావు. ఆ రెండూ కలిపి చదివాక నాకు నిద్ర పట్టలేదు. రేవులో రాఫ్టులు విప్పి సర్వీసింగ్ చేసే షెడ్డులోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి, నాకు తెలిసింది నీకు చెప్పకుండా ఉండలేను.

పడవలో ఇంజను ఉంది, తెరచాప ఉంది, పంపు ఉంది. అవి రోజూ పనిచేస్తాయి, పాడైతే ఆ రోజే తెలుస్తుంది. రాఫ్టు అట్లా కాదు. అది బాగుందో లేదో వాడి చూసే వీలే లేదు. పడవ మునిగే రోజున తాడు లాగినప్పుడే తెలుస్తుంది. అందుకే దాని మీద రాసి ఉన్న తేదీలనూ, దాన్ని మడత పెట్టిన మనుషుల చేతులనూ తప్ప మనం నమ్మడానికి ఇంకేమీ లేదు. ఆ తేదీలు చదివేవాడివీ, ఆ చేతులు ఎట్లాంటివో కనుక్కునేవాడివీ నువ్వే కావాలి. ఓనరుకు ఆ తీరిక ఉండదు.

పెట్టెలో ఏముందో ముందు తెలుసుకో. రబ్బరు పూత పూసిన గుడ్డతో చేసిన రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒకటి చిరిగినా రెండోది మనుషుల్ని మోయాలని వాటిని వేర్వేరుగా కడతారు. కింద నేల, పైన గుడారం. పక్కనే సిలిండర్, అందులో కార్బన్ డయాక్సైడ్, చలిలో కూడా గ్యాసు త్వరగా బయటికి రావడానికి కొంచెం నైట్రోజన్. ఇవన్నీ గాలి తీసేసి, గట్టిగా మడిచి, ఆ చిన్న పెట్టెలో కుక్కుతారు. ధర్మవరం పట్టుచీరను ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచితే అది మడత దగ్గరే పిగులుతుందని, అవ్వ ఏటా తీసి మడత మార్చి పెట్టేది కదా, రాఫ్టు గుడ్డకూ అదే గండం. దానికి తోడు జిగురుతో అంటించిన అతుకులకు వేడి శత్రువు. నువ్వుండే చోట వేసవిలో డెక్కు మీద చెయ్యి పెట్టలేరు. ఆ ఎండంతా ఆ పెట్టె తాగుతుంది.

సర్వీసింగ్ ఎన్నాళ్ళకు చేయించాలో తయారుచేసిన కంపెనీ చెబుతుంది. సరుకు ఓడల మీదివి 12 నెలలకోసారి విప్పాలని అంతర్జాతీయ నియమం. సరదా పడవల రాఫ్టుల్లో కొన్నింటికి మూడేళ్ళ దాకా గడువు ఇస్తారు. ఆ మూడేళ్ళను పట్టుకుని కూర్చోవద్దు. ఎండలో డెక్కు మీద ఉండే రాఫ్టును ఏడాదికోసారి విప్పించమనే నేను చెబుతాను. పదేళ్ళు దాటిన రాఫ్టు అయితే ఏటా మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షించాల్సిందే. ఆ పరీక్షలో అతుకు ఊడితే ఓనరు బాధపడతాడు. ఊడనీ. షెడ్డులో ఊడటం మనకు మేలు.

సర్వీసింగ్‌కు పంపేటప్పుడు ఆ కంపెనీ అధీకృత స్టేషన్‌కే పంపు. పంపి ఊరుకోకుండా నువ్వూ వెంట పో. విప్పేటప్పుడు అక్కడ నిలబడి చూస్తానని ముందే అడుగు. నిజాయితీగా పనిచేసేవాళ్ళు ఎప్పుడూ కాదనరు, కాదంటే ఇంకో స్టేషన్ వెతుక్కో. మా షెడ్డుకు ఒకసారి ఓ పడవ నుంచి కొత్త స్టిక్కరున్న రాఫ్టు వచ్చింది. విప్పితే లోపల మడతల్లో నీళ్ళు నిలిచి, లోహపు ముక్కలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. సిలిండరును తెరిచే తీగ దాని కొక్కేనికి తగిలించనే లేదు. ఎంత తాడు లాగినా అది ఉబ్బేది కాదు. అంతకు ముందు దాన్ని మూసినవాడు విప్పకుండానే స్టిక్కరు మార్చాడని మాకు అర్థమైంది. ఆ పడవలో చిన్నపిల్లలు కూడా ప్రయాణం చేశారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కడ చూడాల్సినవాటిలో మొదటిది సిలిండర్ బరువు. నిండుగా ఉన్నప్పుడు ఎంతుండాలో సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది. నీ ఎదుటే తూచమను. తగ్గిందంటే గ్యాసు కారిందని లెక్క. తర్వాత బ్లోయరుతో గాలి నింపి గంటలకొద్దీ అట్లాగే ఉంచుతారు, ఒత్తిడి ఎంత దిగిందో గేజీలో చూస్తారు. ఎండ పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, షెడ్డు చల్లబడితే తగ్గుతుంది. అందుకని గది వేడిని కూడా రాసుకుంటున్నారా లేదా గమనించు. సామాను సంచిలో ఉండే పొగ డబ్బాలు, మంట సిగ్నళ్ళు, నీళ్ళ ప్యాకెట్లు, వాంతుల మాత్రలు, దీపం బ్యాటరీ, ప్రతిదానికీ గడువు తేదీ ఉంటుంది. మస్కట్ నుంచి తిరిగొచ్చే రోజు దాకా అవి చెల్లాలి. తీసేసిన పాతవి చూపించమను. తాడు కోసే చాకు వాకిలి దగ్గరే ఉందా, చేతి పంపు, చిల్లు మూసే బిగింపులు ఉన్నాయా చూడు. 1982లో స్టీవెన్ కల్లహన్ అనే అమెరికా నావికుడు అట్లాంటిక్‌లో రాఫ్టు మీద 76 రోజులు బతికాడు. మధ్యలో అడుగు గొట్టం చిరిగింది. దాన్ని బాగుచేసుకోవడానికి పది రోజులు పెనుగులాడాడు. ఆ బిగింపులను చిన్నచూపు చూడకు.

మళ్ళీ మడిచే ముందు గుడ్డ పూర్తిగా ఆరిందో లేదో చేత్తో తడిమి చూడు. ఇదొక్కటి చాలామంది పట్టించుకోరు, కానీ తడితో మూసిన రాఫ్టు పెట్టెలోనే కుళ్ళుతుంది.

ఇక రోజూ నువ్వు చేసేది. పెట్టె తెరవకూడదు, అది నీ పని కాదు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకు. అతిథులొస్తే మొదట కూర్చునేది అక్కడే, చెప్పడానికి మొహమాటపడకు. దాని మీద తాళ్ళు, డబ్బాలు పెట్టనివ్వకు. డెక్కు కడిగేటప్పుడు గట్టి ధారతో పెట్టె అతుకు మీద కొట్టకు. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయాయా, పెట్టెను బిగించిన పట్టీ బిగువుగా ఉందా చూడు.

రాఫ్టును ఉబ్బించడానికి లాగే పెయింటర్ తాడు ఎక్కడ కట్టారో ఫోటో తీసి పంపు. నేను ఎక్కువగా చూసిన తప్పు అక్కడే. పట్టీకి చిన్న తెల్ల గుండ్రని పరికరం ఉంటే అది హైడ్రోస్టాటిక్ రిలీజ్. పడవ మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకు పోగానే నీటి ఒత్తిడికి అది పట్టీ కోసేస్తుంది. పెట్టె పైకి లేస్తుంది, తాడు గుంజుకుని రాఫ్టు ఉబ్బుతుంది, ఆ తర్వాత వీక్ లింక్ అనే సన్న ముక్క తెగి రాఫ్టు పడవ నుంచి విడిపోతుంది. తాడును వీక్ లింకుకు కాకుండా నేరుగా పెట్టె కూర్చున్న తొట్టి ఇనుముకు ముడేస్తే, ఉబ్బిన రాఫ్టును కూడా పడవ తనతో అడుక్కి లాక్కుపోతుంది. ఆ పరికరాన్ని మామూలుగా రెండేళ్ళకు మార్చాలి, దాని మీదే నెల, సంవత్సరం గుర్తు పెట్టి ఉంటాయి. అసలు ఆ పరికరమే లేకపోతే తాడు పడవకు గట్టి చోట కట్టి ఉండాలి, రాఫ్టు చేత్తో విసరాలి. సముద్ర పందేల నియమాల్లో రాఫ్టును 15 సెకన్లలో పడవ అంచు దాకా తేగలగాలని ఉంది. ముప్పై నలభై కిలోల బరువు, ఊగే డెక్కు. నువ్వూ ఓనరూ కలిసి ఒకసారి గడియారం పెట్టుకుని చేసి చూడండి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది, నీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కిన 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. బోటులో లైఫ్ జాకెట్లు ఉన్నాయి, చాలామంది ఒంటి మీద మాత్రం లేవు. సామాను పడవలో ఉందని చెప్పుకోవడానికీ, అవసరమైన ఘడియకు అది అందుబాటులో ఉండటానికీ ఎంత దూరముందో ఆ రోజు మన రాష్ట్రమంతా చూసింది.

ఇంకొకటి, ఇది ఓనరుకు కూడా చెప్పు. రాఫ్టు ఉందని తొందరపడి పడవ వదలకూడదు. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ పడవల పందెంలో 303 పడవలు తుపానులో చిక్కాయి. పందెగాళ్ళు 15 మంది చనిపోయారు. 24 పడవల్ని జనం వదిలేశారు. వాటిలో 19 తర్వాత నీళ్ళ మీద తేలుతూనే దొరికాయి. ఎక్కిన రాఫ్టుల్లో ఒకటి ఏకంగా రెండుగా విడిపోయింది. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపు పడవే పెద్ద రాఫ్టు అనుకో. 2018 సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ అనే పడవల పందెంలో మన నేవీ కమాండర్ అభిలాష్ టోమీ హిందూ మహాసముద్రం మధ్యలో వెన్ను దెబ్బతిని, తెరచాప స్తంభాలు విరిగిన పడవలోనే ఉండిపోయాడు. ఫ్రెంచి నౌక వచ్చి తీసుకెళ్ళేదాకా కదల్లేదు, బతికాడు.

దానికి పూర్తిగా ఎదురు కథా ఉంది. అదే గోల్డెన్ గ్లోబ్ పందెం మళ్ళీ జరిగినప్పుడు, 2022 నవంబరు 18న, దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా ఫిన్లాండ్ నావికుడు తాపియో లెహ్తినెన్ పడవ ఐదు నిమిషాల్లో మునిగిపోయింది. ఆయన రాఫ్టు ఉబ్బింది. సుమారు ఒక రోజు అందులో గడిపాక, అదే పందెంలో ఉన్న కిర్‌స్టెన్ నొయ్‌షాఫర్ అనే ఆమె తన పడవ తిప్పుకుని వచ్చి ఆయన్ను ఎక్కించుకుంది. ఐదు నిమిషాల్లో సిలిండర్ బరువు తూచడం కుదరదు కదా. అది ఒడ్డున ఉన్నప్పుడే ఎవరో తూచారు.

ఓనరు ఇంటివాళ్ళను సర్వీసింగ్ రోజున షెడ్డుకు తీసుకుపో. గాలి నింపి ఉంటుంది కాబట్టి ఒకసారి అందరూ అందులోకి ఎక్కి దిగితే సగం భయం పోతుంది. ఎంత ఇరుకో తెలుస్తుంది. చాకు ఎక్కడుందో పిల్లలకు కూడా తెలుస్తుంది. అసలు రోజున రాఫ్టు ఉబ్బగానే ఎక్కువైన గ్యాసు వాల్వుల్లోంచి బుసబుసమని వస్తుందనీ, అది చిల్లు కాదనీ, దాన్ని మూయవద్దనీ చెప్పు. రాఫ్టు తిరగబడి పడితే సిలిండర్ ఉన్న వైపు నిలబడి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలని చూపించమను. ఎక్కాక తాడు కోయడం, నీళ్ళ లంగరు వదలడం, గుడారం మూయడం, నీళ్ళు తోడటం ఎవరెవరు చేయాలో ముందే పంచుకోండి.

నువ్వు మెట్ట ఊళ్ళో పుట్టావు, చెరువు తప్ప సముద్రం చూసి పెరగలేదు కాబట్టి ఓనరుకు ఎదురు చెప్పడానికి జంకుతున్నావని నీ రాత చూస్తేనే తెలుస్తోంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే 17 మీటర్ల పడవలో భూమి చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. స్వాతిది విశాఖ, సముద్రం ఒడ్డే. ఐశ్వర్యది హైదరాబాదు, అక్కడ హుస్సేన్ సాగరే ఉంది. సముద్రం పుట్టిన ఊరు అడగదు. నువ్వు తేదీలు చదివి, ఓనరుకు మర్యాదగా ఇట్లా చెప్పు: "సార్, ఇది సర్వీసింగ్ కాకుండా మనం రేవు దాటొద్దు. డబ్బు ఎక్కువనుకుంటే ఈ ఒక్క ప్రయాణానికి మంచి రాఫ్టు అద్దెకు తెద్దాం." చాలాచోట్ల అద్దెకు ఇస్తారు, కనుక్కో.

అప్పటికీ ఆయన వినకపోతే నువ్వు ఆ పడవ ఎక్కవద్దు. ఉద్యోగం పోతే పోతుంది. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఈ వారంలో పెట్టె మీది లేబులు, తాడు కట్టిన చోటు, ఆ తెల్ల పరికరం మీది గుర్తు, మూడు ఫోటోలు పంపు. సర్వీసింగ్ అయ్యాక రిపోర్టు కూడా పంపు. సిలిండర్ బరువు రాసిన గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం తీసుకోకుండా అక్కడే కూర్చుని నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

ఇట్లు,
మీ మామ