తప్పు ఎవరి కాగితంలో ఉంటే వాళ్ల దగ్గరికే పోవాలి

యాచారం

చిరంజీవి అల్లుడికి,

నువ్వు ఫోన్‌లో పంపిన కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. ఐదేళ్లకని మాట్లాడుకున్న కారు లోను ఒప్పందంలో 84 నెలలని పడింది. నువ్వు అడగని ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి అప్పులో కలిసిపోయింది. ఆర్సీలో నీకు అప్పిచ్చిన బ్యాంకు పేరు ఉండాల్సిన చోట ఇంకో బ్యాంకు పేరుంది. షోరూం వాళ్లు మాత్రం ఎప్పుడడిగినా ‘అయిపోతది సార్’ అంటున్నారు. అందుకే ‘తప్పు దిద్దేదాకా ఈఎంఐ కట్టను’ అని మీ అమ్మతో అన్నావట.

ముందు ఆ ఆలోచన మానుకో. ఒక్క కిస్తీ ఆగినా చెక్ బౌన్స్ అయినట్టే లెక్క కట్టి చార్జీలు వేస్తారు, సిబిల్ రిపోర్టులో మచ్చ పడుతుంది. ఇవాళ న్యాయం నీ వైపుంది. కట్టడం ఆపిన రోజు నుంచి బ్యాంకు దృష్టిలో నువ్వు ఫిర్యాదుదారుడివి కాదు, ఎగవేతదారుడివి. కడుతూనే కొట్లాడు. ‘నా అభ్యంతరం అలాగే ఉంది, తేలేవరకు కిస్తీ కడుతున్నాను’ అని రాతపూర్వకంగా చెప్పు.

ఇక అసలు సంగతి. షోరూంలో బండి, లోను, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ ఒకే టేబుల్ దగ్గర అయిపోతాయి. కాబట్టి అన్నిటికీ ఆ టేబులే జవాబుదారీ అనుకుంటాం. కానీ నువ్వు అప్పు ఒప్పందం చేసుకున్నది బ్యాంకుతో. పాలసీ ఇచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీ. ఆర్సీ ఇచ్చింది ఆర్టీఏ. షోరూంది అనదగ్గవి ఇన్‌వాయిస్, రసీదులు, ఫారం 21 అనే అమ్మకపు సర్టిఫికెట్. బ్యాంకు ఒప్పందంలోని తప్పును షోరూం కుర్రాడు దిద్దలేడు, దిద్దానని చెప్పినా నమ్మకు. ఏ కాగితంలో తప్పుందో ఆ కాగితం మీద సంతకం పెట్టిన సంస్థే దాన్ని సరిచేయాలి. షోరూం దగ్గర నీకు కావాల్సింది ఒక్కటే: మాట్లాడుకున్నది 60 నెలలకని, దరఖాస్తులో పొరపాటు తమ దగ్గర జరిగిందని వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం.

మొదట 84 నెలల సంగతి చూద్దాం. కిస్తీ తగ్గింది కదా అని మీ నాన్న సంతోషపడ్డాడట. లెక్క వేసి చూపించు. ఆరు లక్షలు, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి 60 నెలలైతే కిస్తీ సుమారు 12,600 రూపాయలు, మొత్తం కట్టేది 7,56,000 దాకా. అదే 84 నెలలైతే కిస్తీ 9,800 చిల్లర, కానీ మొత్తం 8,23,000 దాటుతుంది. ఒక్క అంకె తేడాకు 67 వేల రూపాయలకు పైగా నీ జేబులోంచి పోతాయి. ఇంకోమాట, ‘ఫ్లాట్ ఆరు శాతమే’ అని ఎవరైనా అంటే మురిసిపోవద్దు. ఐదేళ్లకు ఫ్లాట్ ఆరు శాతమంటే, తరిగే అసలు మీద లెక్క వేస్తే దాదాపు 10.85 శాతం అవుతుంది.

దీనికి నీ చేతిలో ఉన్న ఆయుధం కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోనుకూ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు దీన్ని ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, చదివి వివరించాలి. అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ శాతం అందులో కనబడాలి. అందులో లేని ఫీజును నీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. నీ కాగితాల్లో అది నాకు కనబడలేదు. బ్యాంకు శాఖను అడిగి తెప్పించు. అందులో 60 ఉండి ఒప్పందంలో 84 ఉంటే నీ పని సులువు. అందులోనూ 84 ఉండి నువ్వు సంతకం పెట్టి ఉంటే ‘మీరే ఒప్పుకున్నారు’ అంటారు. అప్పుడు షోరూం ఇచ్చిన కొటేషన్ కాగితం, వాట్సాప్‌లో వచ్చిన కిస్తీ లెక్క చూపించి, చార్జీలేమీ లేకుండా గడువును 60 నెలలకు మార్చమని రాతపూర్వకంగా అడుగు. లోను డబ్బు ఏ తేదీన విడుదలైందో కూడా చూడు. వడ్డీ ఆ రోజు నుంచే లెక్కించాలి. ఒప్పందం తేదీ నుంచో మంజూరు తేదీ నుంచో లెక్కించడం సరికాదని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో బ్యాంకులకు రాసింది.

రెండోది, అడగని పాలసీ. బండి ఇన్సూరెన్స్ వేరు, నీ ప్రాణానికి, అప్పుకు ముడిపెట్టే బీమా వేరు. బండికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి, కొత్త కారుకు మూడేళ్లది తీసుకోవాలి. అప్పుకు ముడిపెట్టే బీమా నీ ఇష్టం. జీవిత బీమా పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వద్దని తిప్పి పంపే హక్కు ఉంది. ఆ గడువు దాటకముందే బీమా కంపెనీకే రాయి. వాపసు వచ్చే సొమ్ము నీ లోను అసల్లోనే జమ చేయాలని బ్యాంకుకు కూడా చెప్పు, లేకపోతే ఆ ప్రీమియం మీద కూడా ఏళ్ల తరబడి వడ్డీ కడతావు.

మూడోది ఆర్సీ. దీన్నే నువ్వు తేలిగ్గా తీసుకున్నావు, నాకు మాత్రం ఇదే పెద్దదనిపిస్తోంది. ధరణి భూరికార్డుల్లో పేరులో ఒక్క అక్షరం తప్పుపడితే మన మండలంలో రైతులు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో నీకు తెలుసు. కాగితంలో తప్పు ఉన్నన్నాళ్లు ఊరికే ఉంటుంది, అవసరం పడ్డ రోజే బయటపడుతుంది. బండి అమ్మబోయేటప్పుడో, ప్రమాదం జరిగి క్లెయిమ్ చేసినప్పుడో సంబంధం లేని బ్యాంకు పేరు అడ్డం తగులుతుంది. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాళ్ల పేరు ఆర్సీలో నమోదవుతుంది. ఆ నమోదుకు ఫారం 34, తొలగింపుకు ఫారం 35. పొరపాటున పేరు పడ్డ బ్యాంకు నుంచి ‘ఈ బండి మీద మాకు బాకీ లేదు’ అనే ఉత్తరం, ఫారం 35 తీసుకో. నీ బ్యాంకుతో ఫారం 34 మీద సంతకం చేయించు. స్లాట్ బుక్ చేసుకొని ఇబ్రహీంపట్నం ఆర్టీఏకు పో. దరఖాస్తు అప్‌లోడ్ చేసింది షోరూం వాళ్లే కాబట్టి వాళ్ల మనిషిని తోడు రమ్మను. అయ్యే ఖర్చు ఎవరు భరించాలో ముందే రాయించుకో. ఆర్సీ సరయ్యాక బండి ఇన్సూరెన్సులోనూ అదే బ్యాంకు పేరుందో లేదో చూసి, లేకపోతే ఎండార్స్‌మెంట్ చేయించు.

ఉత్తరం ఎలా రాయాలంటావా? కోపం వద్దు, కథ వద్దు. లోను నంబరు, తేదీ, ఏ పేజీలో ఏముంది, ఏముండాలి, ఎప్పటిలోగా దిద్దాలి, జత చేసిన కాగితాలు. ఒక్కో తప్పుకు ఒక్కో పేరా. ఈమెయిల్ పంపు, కాగితం కూడా శాఖలో ఇచ్చి నీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకో. ఫోన్‌లో మాట్లాడిన రోజునే ‘ఇవాళ మీరిలా చెప్పారు’ అని మెయిల్ రాసిపెట్టు. లోను సెక్షన్‌లో ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఫోన్‌లో అరిచిన మనిషిని మరునాటికి మరిచిపోతారు. తేదీతో ఉన్న కాగితానికి మాత్రం ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే.

ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నీకు న్యాయంగా అనిపించకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448. షోరూం మీద ఫిర్యాదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక నువ్వుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే సిబిల్ రిపోర్టు తీసి లోను వివరాలు సరిగ్గా ఉన్నాయో చూడు. తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో దిద్దాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి.

ఒక్క మాట మనసులో పెట్టుకో. షోరూంలో నీతో మాట్లాడే కుర్రాడు మన దిక్కు పిల్లవాడే, టార్గెట్ల జీతగాడు. అతణ్ని తిట్టొద్దు, మర్యాదగా మేనేజరును పిలిపించు. కానీ మర్యాద కోసం ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం ఎన్నడూ పెట్టకు. ఆదిబట్లలో నీతో పనిచేసే పిల్లలకూ ఇది చెప్పు: డెలివరీ రోజున ఫోటోలు దిగడానికి ముందు ఒప్పందం, ఇన్‌వాయిస్, పాలసీ పక్కపక్కన పెట్టి పేరు, నెలలు, మొత్తం సరిచూసుకోవాలి.

ఆదివారం ఇంటికి రా. కాగితాలన్నీ తీసుకురా, మూడు ఉత్తరాలూ కలిసి రాద్దాం. సోమవారం పొద్దున బ్యాంకు తెరిచేసరికి మొదటిది నీ చేతిలో ఉండాలి.

ప్రేమతో,
మీ మామ